అలెగ్జాండరు ఫ్లెమింగు

స్కాట్లండు దేశమున డార్వెలు పట్టణమునకు సమీపమున గల లాక్‌ఫీల్డు అను వ్యవసాయక్షేత్రమున 1881 వ సంవత్సరము ఆగస్టు 6 వ తేదీన అలెగ్జాండరు ఫ్లెమింగు జన్మించెను. ఏడేండ్ల ప్రాయముననే ఇతనికి పితృవియోగము కలిగెను. బాల్యము దాటకమునుపే లండను నగరము చేరి, కొంతకాలము చదివి, పిదప ఒక ఓడల కంపెనీలో గుమాస్తాగా నాలుగేండ్లు పనిచేసెను. బంధువు వలన కొంత ధనము సంక్రమింపగా 1901 లో సెయింటు మేరీ వైద్యకళాశాలలో ప్రవేశించి, 1906 లో వైద్యుడై, అచటనే ఆల్‌మ్రోత్ రైటు అను శాస్త్రజ్ఞుని పరిశోధనశాలలో చేరెను.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇతడు ఫ్రాన్సులోని బులోను నగరమున సైనికులకు చికిత్స చేసెను. గాయములు చీముపట్టి వేలకొలది యువకులు మరణించుచుండిరి. గాయములపై పోయు ఘాటైన మందులు లోతున దాగిన క్రిములను చేరలేకపోవుటయే గాక, క్రిములతో పోరాడు తెల్లరక్తకణములను చంపుచుండెను. రోగిని బాధింపక క్రిమిని మాత్రమే చంపు మందు కలదా అని ఫ్లెమింగు ఆలోచింప నారంభించెను.

అట్టి మందునకు మార్గము సూక్ష్మజీవి నిర్మాణముననే కలదు. సూక్ష్మజీవులలో పెక్కింటి చుట్టును ఒక దృఢమైన గోడ యుండును. దీనికి కణకవచమని పేరు. లోపలి ఒత్తిడికి కణము పగిలిపోకుండ ఇది కాపాడును. మానవుని కణములకు ఇట్టి గోడ లేదు. కావున ఈ గోడను కూల్చు పదార్థము మనకు హాని చేయనక్కరలేదు. 1921 లో ఫ్లెమింగు కన్నీటియందును, ముక్కుచీమిడియందును, కోడిగ్రుడ్డు తెల్లసొనయందును గల లైసోజైము అను పదార్థమును కనుగొనెను. అది కణకవచమును త్రుంచునని తరువాత తెలిసెను. కాని ప్రమాదకరములైన క్రిములపై దాని ప్రభావము స్వల్పము.

1928 సెప్టెంబరులో సెలవుల నుండి తిరిగివచ్చి, చీము పుట్టించు క్రిములను పెంచిన గాజుపళ్లెరములను పరీక్షించుచుండగా ఒకదానిలో బూజు కనబడెను. మరియొకరైనచో దానిని పారవేసియుందురు. ఫ్లెమింగు నిదానించి చూడగా, బూజు చుట్టును క్రిములు కరగిపోయియుండెను. ఆ బూజు స్రవించిన పదార్థమునకు పెనిసిలిన్ అని పేరిడి, 1929 లో ఆ విషయమును ప్రకటించెను.

కణకవచము వలవంటిది. దాని పోగులను ముడివేయు ఎంజైములను పెనిసిలిన్ బంధించును. ముడులు పడని గోడ బలహీనమగును. నీరు లోనికి చొచ్చి కణము పగిలిపోవును. ఐనను అన్ని క్రిములును దీనికి లొంగలేదు. చీము, న్యుమోనియా, డిఫ్తీరియా కలిగించునవి లొంగెను. టైఫాయిడు క్రిమి లొంగలేదు. 1884 లోనే డెన్మార్కు దేశపు వైద్యుడు గ్రాము ఊదారంగు నిలుచుటను బట్టి సూక్ష్మజీవులను రెండు తెగలుగా విభజించియుండెను. రంగును నిలుపుకొను తెగవాని గోడ మందమైనను బయలుగా నుండును. రంగును విడుచు తెగవాని గోడ పలుచనిదైనను, దానిపై మరియొక పొర కోటవలె కప్పియుండి పెక్కు మందులను అడ్డగించును. టైఫాయిడు క్రిమి ఈ రెండవ తెగకు చెందినది.

పెనిసిలిన్‌ను శుద్ధిచేయుట ఫ్లెమింగునకు సాధ్యపడలేదు. 1940 నాటికి ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిను, హీట్లీ మొదలగువారు దానిని సాధించిరి. 1941 లో మరణశయ్యపై నున్న ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందు నీయగా అతడు కోలుకొనసాగెను. కాని మందు నిండుకొనుటచే మరణించెను. పిమ్మట అమెరికాలో విస్తారముగా తయారై, యుద్ధరంగమున అసంఖ్యాకులను బ్రతికించెను. 1945 లో ఫ్లెమింగు, ఫ్లోరీ, చెయిను మువ్వురును నోబెలు బహుమానమును పంచుకొనిరి.

ఆ సందర్భమున చేసిన ఉపన్యాసములో ఫ్లెమింగు లోకమును హెచ్చరించెను. చాలీచాలని మోతాదున మందు వాడినచో క్రిములు చావక, దానిని ఎదిరించుట నేర్చునని అతని భయము. అది నిజమయ్యెను. కొన్ని క్రిములు పెనిసిలిన్‌ను విరుగగొట్టు ఎంజైమును తయారుచేయును; మరికొన్ని మందునకు పట్టుబడని క్రొత్త ఎంజైముతో గోడ కట్టుకొనును. ఇట్టి మొండిక్రిములు 1961 లో ఇంగ్లండులో బయటపడెను. నేడు ప్రపంచమంతటను వ్యాపించియున్నవి.

1955 మార్చి 11 వ తేదీన ఫ్లెమింగు లండనులో కన్నుమూసెను. సెయింటు పాల్ దేవాలయమున ఇతని చితాభస్మము నిక్షేపింపబడినది. వైద్యుడు చెప్పక ఇట్టి మందును మ్రింగకుండుటయు, చెప్పిన మోతాదును చెప్పినన్ని దినములు తప్పక వాడుటయు ఆ మహనీయునికి మనము చెల్లింపవలసిన ఋణము.