యల్లాప్రగడ మందును దురదకు వృథా చేయొద్దు

మన నల్గొండలో ఎండకు కొదవ లేదు. డాబా మీద మిరపకాయలు ఎండుతాయి, వడియాలు ఎండుతాయి, దుప్పట్లు ఎండుతాయి. ఆడవాళ్ల లోదుస్తులు మాత్రం బాత్రూమ్ తలుపు వెనకో, తడి చీర మాటునో ఆరీ ఆరక మిగిలిపోతాయి. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. అదే సిగ్గు రేపు దురదనూ దాచిపెడుతుంది. డాక్టర్‌కు చెప్పలేక, మందుల షాపు నుంచి ఓ యాంటీబయాటిక్ తెప్పించుకుని మింగేస్తారు. అది తగ్గకపోగా పెరిగాక మా ఓపీకి వస్తారు. అలాంటివారిని చూసినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఎందుకో తెలియాలంటే ముందు ఆయన కథ వినాలి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. చదువు మొదట్లో సరిగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నారు. బ్రిటిష్ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ ఇంటిని జబ్బులు వెంటాడాయి. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. అదే జబ్బు ఆయననూ పట్టింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పారు. జబ్బుల మూలం తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను అమెరికాలోని బోస్టన్ చేర్చింది. చేతిలో డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేస్తూ, పగలు హార్వర్డ్‌లో చదువుకున్నారు.

ఆ తర్వాత వరుసగా గెలుపులే. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1940లో లెడర్లీ ల్యాబ్‌కు మారారు. ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. ఇవాళ గర్భిణులకు మేమిచ్చే ఐరన్-ఫోలిక్ యాసిడ్ గోలీలో ఉన్నది అదే. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందు కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వేరుచేశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది తొలి మందు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

మేము తరచూ రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాత పుట్టిన మందే. గర్భసంచి, ట్యూబులకు ఇన్ఫెక్షన్ పాకితే ఇతర మందులతో కలిపి దీన్ని ఇస్తాం. పిల్లలు పుట్టే అవకాశాన్ని కాపాడగల మందు ఇది. అదే మందును ప్రతి దురదకూ వాడితే ఏమవుతుందో చూడండి.

యోనిలో లాక్టోబాసిల్లై అనే మేలుచేసే బ్యాక్టీరియా ఉంటుంది. అది అక్కడ ఆమ్లగుణాన్ని నిలిపి, చెడు క్రిములను అదుపులో ఉంచుతుంది. అనవసరంగా మింగిన యాంటీబయాటిక్ ఈ కాపలాదారునే చంపేస్తుంది. అదను చూసి క్యాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, మంట, దురద మొదలవుతాయి. ఫంగస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. అది తెలియక మరో కోర్సు వాడితే సమస్య ఇంకా ముదురుతుంది.

ఇన్ఫెక్షన్లన్నీ లోదుస్తుల వల్లే వస్తాయని కాదు. షుగర్, గర్భం, హార్మోన్ల మార్పులు, లైంగిక సంపర్కం వంటి కారణాలూ ఉంటాయి. అయితే తడి, చెమట, రాపిడి ఫంగస్‌కు అనుకూలం. గజ్జల్లో తామర కూడా అక్కడే మొదలవుతుంది. ఇది మీ చేతిలో ఉన్న విషయం.

ఇవి పాటించండి:

• గాలి ఆడే కాటన్ లోదుస్తులు, సరైన సైజులో వేసుకోండి. సుబ్బారావు గారి ఖద్దరు దేశం కోసం, మీ కాటన్ చర్మం కోసం.

• రోజూ మార్చండి. ఎండాకాలం చెమటకు తడిస్తే మళ్లీ మార్చండి.

• సబ్బు మిగలకుండా జాడించి, ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాక ఇస్త్రీ చేయండి.

• యోని లోపల సబ్బు, డెటాల్, సెంటు వాడొద్దు. బయట మంచినీళ్లతో కడిగితే చాలు. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోండి.

• నెలసరిలో ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చండి.

• స్టెరాయిడ్ కలిసిన క్రీములను సొంతంగా రాయొద్దు. తామర మొండికేస్తుంది.

చేపవాసన, పసుపు లేదా ఆకుపచ్చ స్రావం, పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయికలో నొప్పి, పుండ్లు ఉంటే ఆలస్యం చేయకండి. గర్భిణులు ఏ మందూ సొంతంగా వాడొద్దు. దురద పదేపదే వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి. కొన్ని ఇన్ఫెక్షన్లలో భర్తకూ చికిత్స అవసరం. కాబట్టి ఇద్దరూ కలిసి రండి.

ఇంట్లో ఆడపిల్లలుంటే అమ్మలు ఈ మాటలు ముందుగానే చెప్పాలి. నాన్నలు డాబా మీద ఇంకో తీగ కట్టాలి. అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి జీవితమంతా ధారపోసి ఇచ్చిన మందులివి. నిజంగా అవసరమైన రోజున అవి మీకు పనిచేయాలంటే, ఈ రోజు అవసరం లేకుండా మింగకండి. లోదుస్తులను ఎండలో ఆరేయడానికి సిగ్గుపడకండి.