తిరిగి రాని డాక్టర్

ముందుగా ఒక సిగ్గుపడాల్సిన సంగతి చెప్పుకోవాలి. పోయిన ఏడాది నేను ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్ళింది కేవలం సర్టిఫికెట్ కోసం. ఇంకుడుగుంట తవ్వుతుంటే, పార పట్టడం చేతకానివాడిలా పక్కన నిలబడ్డాను. మాది సేద్యం చేసుకునే ఇల్లని పట్నం మిత్రులకు తెలియకూడదని! ఇంటికొచ్చాక మా నాన్న చేతులు చూస్తే తలెత్తలేకపోయాను. ఆ రోజుల్లోనే డాక్టర్ కోట్నీస్ జీవితం చదివాను.

ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో మహారాష్ట్రలోని షోలాపూర్‌లో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. బొంబాయిలో వైద్యవిద్య పూర్తిచేసి పైచదువుకు సిద్ధమవుతున్నారు. అప్పటికే జపాను సైన్యం చైనా మీద విరుచుకుపడింది. గాయపడినవారికి వైద్యం చేసేవాళ్ళు కావాలని అక్కడి నుంచి నెహ్రూగారికి విజ్ఞప్తి వచ్చింది. 1938లో కాంగ్రెసు పంపిన ఐదుగురు డాక్టర్ల బృందంలో కోట్నీస్ ఒకరు. అప్పటికి ఆయనకు నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు.

చైనాలో ఉండగానే తండ్రి పోయారన్న కబురు అందింది. ఆ మాట చదివి నేను పుస్తకం మూసేశాను. నేనైతే మర్నాడే బయల్దేరేవాణ్ణి. ఆయన మాత్రం దుఃఖాన్ని దిగమింగుకుని, 1939లో తోటివారితో కలిసి యెనాన్ చేరారు.

ఆ కొండ ప్రాంతాల్లో జనం ముఖ్యమైన తిండి కొర్రలు. మా తాతల కాలంలో మా ఇంట్లోనూ అదే తిండి! కోట్నీస్ వాళ్ళతోపాటే ఉన్నారు, వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఎంత బాగా నేర్చారంటే, ఆ భాషలోనే విద్యార్థులకు శస్త్రచికిత్స పాఠాలు చెప్పారు. ఇవ్వడానికి వెళ్ళిన మనిషి ముందు నేర్చుకునేవాడయ్యారు. తర్వాతే గురువయ్యారు. ఆయన ఎదుగుదల రహస్యం నాకు ఇక్కడే కనబడింది.

1940 నాటి పోరాటాల్లో ఎనిమిది వందల మందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేశారు. ఒకసారి మూడు రోజులపాటు నిద్ర లేకుండా ఆపరేషన్లు చేశారట. 1941లో, కెనడా వైద్యుడు బెతూన్ పేరిట నెలకొల్పిన ఆసుపత్రికి డైరెక్టరయ్యారు. ఆ ఏడాదే గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్ళాడారు. మరుసటేడు కొడుకు పుట్టాడు. పేరు ఇన్‌హువా. ‘ఇన్’ అంటే ఇండియా, ‘హువా’ అంటే చైనా. రెండు దేశాలూ ఒక పసివాడి పేరులో ఒదిగిపోయాయి.

కాని మూర్ఛవ్యాధి ఆయన్ని వదల్లేదు. 1942 డిసెంబరు 9న, ముప్ఫై రెండేళ్ళకే కన్నుమూశారు. మిగిలిన నలుగురూ స్వదేశం చేరారు. ఆయన మాత్రం హెబె రాష్ట్రపు మట్టిలోనే ఉండిపోయారు. షిజియాజువాంగ్‌లో ఆయన సమాధి ఉంది. 1946లో శాంతారామ్ ఆయన కథను సినిమాగా తీశారు.

మిత్రులారా! సేవకు దూరదేశమే పోనక్కర్లేదు. మనం ఎవరి మధ్యకు వెళితే వాళ్ళలో ఒకరం కాగలమా అన్నదే ప్రశ్న. కోట్నీస్ పరాయి జనంలో కలిసిపోయారు. నేను సొంత మట్టినే దాచుకున్నాను. మళ్ళీ శిబిరం రాబోతోంది. ఈసారి మొదటి పార నాదే. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, మా నాన్న దగ్గరని చెబుతాను.