డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు - రెండు మాత్రల కథ



ఈ ప్రత్యేక సంచికలో ఒక మహనీయుని స్మరించుకుందాం. ఆరోగ్య శాఖలో ఉండగా సోమశిల, కొల్లాపూర్ వైపు పల్లెల్లో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఏళ్ల తరబడి పంచాను. ఒక్కో మాత్రలో ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములే. ఆ కాస్త మందు వెనుక ఒక తెలుగువాడి జీవితకాల కృషి ఉంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు ధరించినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. సోదరులను స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. 1923లో అమెరికా చేరి హార్వర్డ్‌లో పరిశోధనలు చేశారు. 1940లో లెడర్లీ సంస్థకు మారారు.

అంతకు ముందే, 1928 నుంచి బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపారు. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తర్వాత తేలింది. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది.

ఆ తర్వాత అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులూ చేసింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను మొదట క్యాన్సర్‌కు వాడారు. నేడు కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి, తక్కువ మోతాదులో ఇస్తున్నారు. మన ఒంటి రక్షక కణాలే కీళ్లపై దాడి చేస్తుంటే ఆ ఉధృతిని అది తగ్గిస్తుంది.

గర్భంలోని బిడ్డలో సగం తండ్రి అంశ. అయినా తల్లి రక్షక కణాలు దాన్ని పరాయిదని తరిమివేయవు. మాయ నుంచి అందే సంకేతాలు వాటిని శాంతింపజేస్తాయి. అందుకే చాలామంది స్త్రీలకు కడుపుతో ఉన్నప్పుడు కీళ్లవాతం తగ్గి, కాన్పయ్యాక తిరగబెడుతుంది. కానీ కడుపుతో ఉన్నవారు మెథోట్రెక్సేట్ వేసుకోరాదు. గర్భస్రావం కావచ్చు, శిశువుకు అవకరాలు రావచ్చు.

కాబట్టి మన ఇళ్లలో ఈ మందు వాడే కూతురు, కోడలు ఉంటే, బిడ్డను కోరుకునే ముందే డాక్టరుతో మాట్లాడమని చెప్పండి. ఫోలిక్ ఆమ్లం కూడా డాక్టరు సలహాతో అప్పటి నుంచే మొదలుపెట్టాలి. శిశువు వెన్నుపాముకు ఆధారమయ్యే నాళం మొదటి నెలలోనే మూసుకుంటుంది. మనలో కీళ్లకు ఈ మాత్ర వాడేవారు వారానికి బదులు రోజూ వేసుకుంటే ప్రాణాపాయమని మరువరాదు.

సుబ్బారావు గారు స్వదేశం తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన ఇచ్చిన మందులను తెలిసి వాడుకోవడమే మనం అర్పించగల నివాళి.