అందరికీ ఒకే కొలత: వాల్డెమర్ హాఫ్కిన్ కథ

2020 ఏప్రిల్. నేనప్పుడు ఎనిమిదో తరగతి. మాది ఉట్నూర్. లాక్‌డౌన్ పెట్టినంక మా చుట్టుపక్కల గూడేల్లో దారికి అడ్డంగా కట్టెలు, ముళ్ళకంప వేసి బయటోళ్ళు రావొద్దని బోర్డులు పెట్టారు. మా కాక మహారాష్ట్రలో పనికి పోయి అక్కడే ఇరుక్కుపోయిండు. కొంత దూరం లారీలో, కొంత దూరం నడిచి, పెన్‌గంగ దాటి, ఇంద్రవెల్లి మీదుగా ఊరు చేరిండు. చేరగానే చేతి మీద క్వారంటైన్ ముద్ర వేసి, పద్నాలుగు రోజులు గడప దాటొద్దన్నారు. అదే వారం మా వీధిలోనే ఇంకొకాయన హైదరాబాద్ నుంచి కారులో దిగిండు. ఆయన చేతికి ముద్ర లేదు. తెల్లారి కిరాణా దుకాణం ముందు నిలబడి ముచ్చట్లు చెబుతుండు. కాక కిటికీలోంచి చూసి నవ్విండు. సంతోషంతో నవ్విన నవ్వు కాదది.

కాక పద్నాలుగు రోజులూ గడప దాటలేదు. ఆయన బాధ రూల్ ఉన్నందుకు కాదు, ఆ రూల్ తన ఒక్కడికే ఉన్నందుకు.

మొన్న మన క్లబ్ ఈ సంచికకు ఒక జీవితకథ రాయమన్నప్పుడు ఆ ముద్ర గుర్తొచ్చింది. అసలు ఇట్లాంటి రూల్స్ ఏ చట్టం కింద పెట్టారా అని వెతికితే, 2020లో మన రాష్ట్రం వాడింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం అని తెలిసింది. అంటే నూట ఇరవై మూడేళ్ళ కిందటి చట్టం! బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం హడావిడిగా తెచ్చింది. ఆ ప్లేగు గురించి చదువుతూ పోతే ప్రతి మలుపులో ఒక పేరు తగిలింది. వాల్డెమర్ హాఫ్కిన్. మన దేశంలో లక్షల మంది చేతులకు సూది గుచ్చిన మనిషి. ముంబైలో ఆయన పేరుతో పెద్ద సంస్థే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో నాకైతే ఎక్కడా కనబడలేదు.

హాఫ్కిన్ 1860లో ఒడెస్సాలో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది, అప్పుడు రష్యా సామ్రాజ్యం. యూదు కుటుంబం. అక్కడి యూనివర్సిటీలో మెచ్నికోవ్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర చదువుకున్నాడు. 1881లో ఒడెస్సాలో యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగినప్పుడు, అడ్డుకోవడానికి నిలబడ్డ కుర్రాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. దెబ్బలు తిన్నాడు, అరెస్టయ్యాడు. మెచ్నికోవ్ కల్పించుకుని విడిపించాడు. చదువులో ఎంత ముందున్నా యూనివర్సిటీలో ఉద్యోగం ఇవ్వలేదు. మతం మార్చుకుంటే ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అంటే మనిషిని బట్టి రూల్ మారడం అంటే ఏమిటో ఆయనకు మన వయసులోనే తెలిసింది.

1888లో దేశం వదిలి స్విట్జర్లాండ్‌కు, మరుసటి ఏడాది పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాడు. దొరికింది శాస్త్రవేత్త ఉద్యోగం కాదు, లైబ్రరీలో చిన్న పని. ఖాళీ సమయంలో ప్రయోగాలు చేస్తూ కలరాకు టీకా తయారుచేశాడు. 1892 జూలై 18న మొదటి సూది తనకే వేసుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. తర్వాత స్నేహితులకు వేశాడు. కానీ అది నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే కలరా ఉన్న చోటికే పోవాలి. అందుకే 1893లో కలకత్తాలో దిగాడు.

ఇక్కడి జనానికి ఆయన్ని ఎందుకు నమ్మాలి? తెల్లవాడు, చేతిలో సూది, పైగా ఎక్కించేది రోగం క్రిములనే. మొదట్లో ఆయన మీద రాళ్ళు పడ్డాయి. ఆయన పోలీసులను వెంటబెట్టుకుని బలవంతంగా వేయలేదు. జనం ముందే తనకు తాను సూది వేసుకుని చూపించాడు. చౌధురి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే భారతీయ డాక్టర్లతో కలిసి తెల్లవారుజామునే బస్తీలకు పోయేవాడు, కూలీలు పనికి బయలుదేరక ముందే.

కంప్యూటర్ సైన్స్ చదివే నాకు ఆయనలో బాగా నచ్చింది ఆయన లెక్క. 1894లో కలకత్తాలో ఒక బస్తీకి కలరా వచ్చింది. అక్కడ దాదాపు రెండు వందల మంది ఉంటే 116 మంది టీకా వేయించుకున్నారు. మిగతావాళ్ళు వేయించుకోలేదు. అదే ఇళ్ళు, అదే నీళ్ళు, అదే తిండి. తర్వాత మళ్ళీ కలరా తగిలింది టీకా వేయించుకోనివాళ్ళకే. ఆయన ఎప్పుడూ ఇట్లాగే చూసేవాడు. ఒకే చోట, ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్ళనే పోల్చాలి. ధనవంతుల బంగళాలో టీకా వేసి, పేదల బస్తీతో పోల్చి నా టీకా గొప్పదని చెప్పుకోవడం ఆయనకు మోసం కింద లెక్క.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. ప్రభుత్వం ఆయన్ని పిలిచింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా ఇచ్చారు. ఒక గుమాస్తా, ముగ్గురు ప్యూన్లు. అంతే స్టాఫ్. మూడు నెలల్లో ప్లేగు టీకా తయారైంది. 1897 జనవరి 10న మళ్ళీ మొదటి సూది తనకే. ఆ నెలాఖరులో బైకుల్లా జైల్లో ప్లేగు వస్తే, ముందుకొచ్చిన ఖైదీలకు టీకా వేశాడు. దాదాపు సగం మంది వేయించుకున్నారు, సగం మంది లేదు. వేయించుకోనివాళ్ళలో 12 మందికి ప్లేగు వచ్చి ఆరుగురు చనిపోయారు. వేయించుకున్నవాళ్ళలో ఇద్దరికే వచ్చింది, ఇద్దరూ బతికారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు బయట ప్రయాణికుల పరిస్థితి వేరేగా ఉంది. బొంబాయి నుంచి జనం లక్షల్లో పారిపోతున్నారు. బొంబాయి ఓడలంటే యూరప్ భయపడింది. 1897లో వెనిస్‌లో దేశాలన్నీ కూర్చుని ప్లేగు కోసం ఉమ్మడి రూల్స్ రాసుకున్నాయి, పది రోజుల గడువు పెట్టుకున్నాయి. మన దగ్గర ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అంటువ్యాధుల చట్టం వచ్చింది. రైళ్ళు ఆపి ప్రయాణికులను పరీక్షించడం మొదలైంది. కాగితం మీద పరీక్ష అందరికీ. ప్లాట్‌ఫారం మీద మాత్రం మూడో తరగతి జనాన్ని దించి వరుసలో నిలబెట్టి, చంకలు, గజ్జలు తడిమి చూసేవాళ్ళు. ఆడవాళ్ళను కూడా. మొదటి తరగతి పెట్టెలో దొరగారికి ఆ అవస్థ లేదు. అనుమానం వస్తే క్యాంపుకు తోలడం, సామాన్లు కాల్చేయడం. పుణెలో సైనికులు ఇళ్ళల్లోకి చొరబడి వెతికారు. ఆ కోపంలోనే 1897 జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు.

మద్రాసు రాజధానిలో, అంటే ఇప్పటి కోస్తా, రాయలసీమ కూడా అందులోనే, ఇంకో పద్ధతి పెట్టారు. ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చినవాళ్ళకు ప్లేగు పాస్‌పోర్టు అని ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. చేరిన ఊళ్ళో పది రోజులు అధికారికి కనబడాలి. చదువుతుంటే కాక చేతి మీది ముద్రే కళ్ళ ముందు మెదిలింది. అప్పుడు కాగితం, ఇప్పుడు సిరా.

హాఫ్కిన్ టీకా ఇక్కడే ప్రయాణికులకు ఒక దారి చూపించింది. టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్ ఉంటే, ప్రయాణాల్లో, క్యాంపుల విషయంలో ప్రభుత్వం కొన్ని సడలింపులు ఇచ్చింది. మన వ్యాక్సిన్ సర్టిఫికెట్‌కు తాతలాంటిది. ఇందులో మంచి ఏమిటంటే, నువ్వు ఏ తరగతి పెట్టెలో వచ్చావు అన్న ప్రశ్న పోయి, నీకు రక్షణ ఉందా లేదా అన్న ప్రశ్న వచ్చింది. చిక్కు కూడా ఉంది. టీకా స్వచ్ఛందం అని ఆయన అనుకున్నాడు. సర్టిఫికెట్ లేకపోతే క్యాంపే గతి అయినప్పుడు అది ఎంతవరకు స్వచ్ఛందం? ఆ ప్రశ్నకు ఇప్పటికీ మన దగ్గర సూటి జవాబు లేదు.

ఇంకో సంగతి. 1898లో కరాచీలో సిమోండ్ అనే ఫ్రెంచి డాక్టర్ ప్లేగు ఎలుకల మీది గోమార్ల వల్ల పాకుతుందని కనిపెట్టాడు. చాలా ఏళ్ళు ఎవరూ నమ్మలేదు. అంటే స్టేషన్లో మనుషుల చంకలు తడుముతున్నప్పుడు, పక్క గూడ్సు బండిలో ధాన్యం బస్తాల మధ్య ఎలుకలు దర్జాగా ప్రయాణం చేస్తున్నాయి. రూల్ అందరికీ ఒకటే అయితే సరిపోదు. రోగం నడిచే దారిని బట్టి కూడా ఉండాలి. తెలిసేకొద్దీ మార్చుకోవాలి. 1903లో పారిస్ సమావేశంలో ఆ పది రోజులను ఐదుకు తగ్గించారు.

హాఫ్కిన్ పేరు మోగిపోయింది. 1899లో ఆయన ల్యాబ్ పరేల్‌లోని పాత గవర్నర్ భవనానికి మారింది. అక్కడి నుంచి దేశమంతటికీ టీకా సీసాలు పోయేవి. అప్పుడు వచ్చింది 1902 అక్టోబర్ 30.

పంజాబ్‌లో ముల్కోవాల్ అనే ఊరు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆ రోజు 107 మందికి టీకా వేశారు. వారంలో 19 మందికి ధనుర్వాతం వచ్చింది. 19 మందీ చనిపోయారు. అందరికీ వేసింది ఒకే సీసాలోది, 53ఎన్ అని నంబర్ ఉన్న సీసా. మిగతా సీసాల టీకా వేయించుకున్నవాళ్ళకు ఏమీ కాలేదు. విచారణ కమిటీ తప్పు ల్యాబ్‌దే అంది. స్టెరిలైజ్ చేసే పద్ధతిని హాఫ్కిన్ మార్చాడని, అందుకే ఇట్లా అయిందని తేల్చారు. ఆయన డైరెక్టర్ పదవి పోయింది. అవమానంతో లండన్ వెళ్ళిపోయాడు.

మనం కోడ్‌లో బగ్ వస్తే ఏం చేస్తాం? ఎక్కడ మొదలైందో లాగ్ చూస్తాం. అట్లా చూస్తే కొన్ని సంగతులు కనబడతాయి. సీసా మూత తీసినప్పుడు ఏ వాసనా రాలేదు. ధనుర్వాతం క్రిమి అందులో ముందే పెరిగి ఉంటే దుర్వాసన కొట్టాలి. ఆ రోజు ఊళ్ళో సీసా బిరడా తీసేటప్పుడు సహాయకుడి చేతిలోంచి పటకారు కిందపడింది. దాన్ని సరిగ్గా శుభ్రం చేయకుండానే మళ్ళీ వాడాడు. ధనుర్వాతం క్రిమి ఉండేది మట్టిలోనే కదా.

ఇది ప్రపంచానికి గట్టిగా చెప్పినవాళ్ళలో ముందున్నది రొనాల్డ్ రాస్. మనకు బాగా తెలిసిన పేరే. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసినాయన. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది. నోబెల్ అందుకున్న రాస్, ఇంకొందరు శాస్త్రవేత్తలతో కలిసి 1907 జూలైలో లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ ఏడాది చివర ప్రభుత్వం హాఫ్కిన్‌ను మళ్ళీ ఉద్యోగంలోకి రమ్మంది.

ఆయన వచ్చాడు, కలకత్తాకు. కానీ పరేల్ ల్యాబ్ తిరిగి ఇవ్వలేదు. ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్ళనే పోల్చాలని జీవితమంతా పట్టుబట్టిన మనిషి. ఆయన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఐదేళ్ళు ఎవరూ ఆ ఓపిక చూపలేదు. ఆయన రష్యన్ కావడం, యూదు కావడం, డాక్టర్ డిగ్రీ లేకపోవడం ఆ తీర్పులో పనిచేశాయని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. పదవీ విరమణ తర్వాత ఫ్రాన్స్‌కు, చివరికి స్విట్జర్లాండ్‌కు వెళ్ళాడు. 1930 అక్టోబర్‌లో లోజాన్‌లో చనిపోయాడు. పరేల్ ల్యాబ్‌కు మాత్రం 1925లోనే హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. 1964లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2021 గుర్తు చేసుకోండి. మన సీనియర్ల వయసువాళ్ళు ఎంతోమంది ఇంగ్లండ్‌లో ఎమ్మెస్ సీటు తెచ్చుకుని, కోవిషీల్డ్ రెండు డోసులు వేయించుకుని బయలుదేరారు. కోవిషీల్డ్, ఆస్ట్రాజెనెకా ఒకే టీకా, పేరే వేరు. అయినా ఇండియాలో వేయించుకున్నందుకు అసలు టీకా లేనివాళ్ళతో సమానంగా పది రోజుల క్వారంటైన్ అన్నారు. మన ప్రభుత్వం కూడా బ్రిటన్ నుంచి వచ్చేవాళ్ళకు అదే పెట్టింది. అక్టోబర్ 11 నుంచి వాళ్ళు ఆ రూల్ తీసేశారు. ఆ కొన్ని రోజుల్లో వైరస్ ఏమీ మారలేదు. మారింది కాగితాన్ని చూసే చూపే.

రేపు ఇట్లాంటి రూల్స్ అమలు చేసే యాప్‌లు రాసేది మనలో ఎవరో ఒకరే కావచ్చు. ఎవరికి టెస్టు, ఎవరికి ఎన్ని రోజులు అన్న ఇఫ్, ఎల్స్ మనమే టైప్ చేస్తాం. అప్పుడు ఆ కండిషన్‌లో ఏం రాస్తున్నామో చూసుకోవాలి. మనిషి ఎక్కడి నుంచి, ఎన్ని రోజుల కింద వచ్చాడు, టీకా ఉందా అని అడుగుతున్నామా? లేక కారులో వచ్చాడా, నడిచి వచ్చాడా అని అడుగుతున్నామా?

పోయిన దసరాకు ఇంటికి పోయినప్పుడు ఈ కథంతా కాకకు చెప్పిన. చివరిదాకా విన్నడు. ఆ సర్కారు ఆ ల్యాబ్‌ను మళ్ళీ ఆయనకు ఎందుకియ్యలేదని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. చేయి తిప్పి ముద్ర పడ్డ చోటు ఒకసారి చూసుకున్నడు. అక్కడిప్పుడు ఏమీ లేదు. ఆరేడు రోజుల్లోనే చెరిగిపోయిందట. మిగతా రోజులు ముద్ర లేకున్నా లోపలే ఉన్నా అన్నడు.