సర్వస్వదక్షిణ ఇచ్చిన న్యాయవాది



ఈ ఆలయ జీర్ణోద్ధరణకు మీరు యథాశక్తి ద్రవ్యం సమర్పించారు. శక్తికి మించి, తన ఆర్జనమంతా ఇచ్చివేసిన ఒక న్యాయవాది చరిత్రను ఈ సందర్భంలో మీకు మనవి చేయదలచాను. వారు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. 1928లో మదరాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపిన ఘట్టం మీరు ఎరిగినదే. దానికి పూర్వపు వారి వృత్తిజీవితం ఎరిగినవారు తక్కువ.

పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదకొండేళ్ల ప్రాయంలో పితృవియోగం కలిగింది. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించారు. సద్బ్రాహ్మణ కుటుంబాలు ఆ రోజులలో చిన్నచూపు చూచిన జీవనం అది. అన్నం పెట్టి బ్రతకడంలో లోపమేమిటో నాకు ఎన్నడూ బోధపడలేదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఈ బాలుని చేరదీసి, తాము రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు వెంట తీసికొనిపోయి చదివించారు. ఆ గురువు లేనిదే ఈ చరిత్ర లేదు.

రాజమహేంద్రవరంలో సెకండ్ గ్రేడు ప్లీడరుగా పంతులు గారికి మంచి పేరు, రాబడి లభించాయి. అయితే ఆ తరగతి ప్లీడర్లకు పై కోర్టులలో వాదించే అర్హత లేదు. ఎంత ప్రజ్ఞ ఉన్నా ద్వారం వెలుపలనే నిలువవలసినదే. అందుకే 1904లో బారిస్టరు చదువుకై ఇంగ్లండు వెళ్లారు. సముద్రయానం నిషిద్ధమని పెద్దలు పట్టుబట్టే కాలం అది. మద్యమాంసాలు, పొగత్రాగుడు దరిచేరనీయనని తల్లికి మాట ఇచ్చి ఓడ ఎక్కారు.

1907లో తిరిగివచ్చి మదరాసు హైకోర్టులో వృత్తి ఆరంభించారు. అప్పటికి అక్కడ పేరుమోసిన న్యాయవాదులలో దొరలు, తమిళులే అధికం. వారి నడుమ ఈ తెలుగు బారిస్టరు సివిలు, క్రిమినలు వ్యవహారాలు రెండింటిలోను నెగ్గుకువచ్చారు. 'లా టైమ్స్' అనే న్యాయపత్రికకు సంపాదకత్వం వహించారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య దరిమిలా నడిచిన కుట్రకేసులో ముద్దాయిల పక్షాన నిలిచిన న్యాయవాదులలో వారు ఒకరు. తెల్ల కలెక్టరును చంపిన కేసులో అటు నిలవడమంటే దొరతనం వారి కంట పడడమే. ఆ వెరపు వారికి లేకపోయింది.

పధ్నాలుగేళ్లు విశేషంగా ఆర్జించి, 1921లో గాంధీ మహాత్ముని పిలుపుపై ఆ వృత్తిని విడిచిపెట్టారు. ఆ ఏడే 'స్వరాజ్య' పత్రిక స్థాపించి, ఆంగ్లం, తెలుగు, తమిళం మూడు భాషలలో నడిపించారు. కూడబెట్టినదంతా దానికే ధారపోశారు. సుమారు పుష్కరకాలం నడిచిన తరువాత పత్రిక నిలిచిపోయింది, ద్రవ్యం తిరిగి రాలేదు.

ఇక్కడ నాకొక సందేహం కలుగుతుంది. కుటుంబానికి ఇబ్బంది కలగని మేరకే తన సొత్తు దానం చేయాలని యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయంలోనే విధించాడు. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరయే ఆ కాలంలో మదరాసు హైకోర్టులో హిందూ ధర్మానికి ప్రమాణంగా ఉండేది. బారిస్టరు గారికి ఈ విధి తెలియక కాదు. శాస్త్రదృష్టితో చూస్తే పంతులు గారు గీత దాటారనే చెప్పాలి. కానీ విశ్వజిద్యాగంలో సర్వస్వం ఇచ్చి, అతిథియైన కౌత్సునికి మట్టిపాత్రలో అర్ఘ్యం తెచ్చిన రఘుమహారాజును మనం తప్పుపట్టడం లేదు కదా! ఈ రెండింటిని సమన్వయించడం నాకు ఇప్పటికీ సాధ్యం కాలేదు.

తదుపరి 1937లో మదరాసు రెవెన్యూ మంత్రియై, జమీందారీ రైతుల స్థితిగతులపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. కోర్టు విడిచినా వ్యాజ్యాలు వారిని విడువలేదనాలి. 1946లో మదరాసు ప్రధానమంత్రి, 1953లో ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి అయ్యారు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బకు గురై, మే 20న హైదరాబాదులో పరమపదించారు. మరి పదిహేనేళ్లకు, 1972లో, ఒంగోలు జిల్లాకు వారి పేరు పెట్టారు.