గుడ్డల అంగడి నడిపిన ఇమామ్

ఇస్లాం దృష్టిలో వ్యాపారం తక్కువ రకం వృత్తి కాదు. అంతిమ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా వర్తకం చేశారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) గుడ్డల వ్యాపారి. అయినా మనలో చాలామంది దీన్ వేరు, దుకాణం వేరు అనుకుంటారు. మస్జిదులో ఎక్కువసేపు కూర్చుంటే గిరాకీ పోతుందని కొందరికి భయం. అంగట్లో కూర్చుంటే ఆఖిరత్ చెడుతుందని మరికొందరికి భయం. ఈ రెండు భయాలకూ తన జీవితంతోనే జవాబు చెప్పిన మహనీయులు హజ్రత్ ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి). మన రాయలసీమ ముస్లిములలో అత్యధికులు నమాజు మొదలు నికాహ్ దాకా అనుసరించేది ఆయన మార్గాన్నే. ఆయన గుడ్డల వ్యాపారి అన్న సంగతి మాత్రం ఎందరికో తెలియదు.

ఆయన అసలు పేరు నుఅమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80లో, అంటే క్రీస్తు శకం 699లో, ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. వారి కుటుంబం ఖజ్ అనే బట్ట అమ్మేది. పట్టునూ ఉన్నినీ కలిపి నేసే విలువైన బట్ట అది. యువకుడైన నుఅమాన్‌కు రోజూ బజారుకు వెళ్ళడం, సరుకు చూడడం, బేరం కుదర్చడం, ఇంటికి రావడం తప్ప వేరే వ్యాపకం వుండేది కాదు. పండితుల దగ్గరకు వెళ్ళడం చాలా అరుదు.

ఒకరోజు బజారుకు పోతుండగా ఇమామ్ షఅబీ ఆయనను పిలిచి, ఎవరి దగ్గరకు వెళ్తుంటావని అడిగారు. తాను వెళ్ళేది బజారుకేనని యువకుడు చెప్పాడు. ఇంత చురుకైన బుద్ధి వున్నవాడు విద్యను నిర్లక్ష్యం చేయకూడదని, పండితుల సాంగత్యంలో కూర్చోవాలని షఅబీ హితవు చెప్పారు. ఆ మాట నుఅమాన్ మనసులో నాటుకుంది. దినచర్య మారిపోయింది. హజ్రత్ హమ్మాద్ గారి శిష్యరికంలో చేరి, హిజ్రీ 120లో గురువు మరణించే వరకు సుమారు 18 ఏళ్ళు ఆయనను అంటిపెట్టుకుని వున్నారు. ఆ తరువాత గురుపీఠం ఆయనకే దక్కింది.

ఇక్కడే మనం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఇంత జరిగినా ఆయన అంగడి మూయలేదు. వేళను మాత్రం మార్చుకున్నారు. ఫజర్ నమాజు తరువాత పాఠం మొదలయ్యేదని, నమాజు వేళలు తప్ప ఇషా దాకా ఆ కొలువు సాగేదని, ఆపై రాత్రి ఆరాధనలో గడిచేదని ఆయన్ను కళ్ళారా చూసినవారు చెప్పారు. మరి వ్యాపారం ఎలా నడిచింది? నమ్మకస్తులైన భాగస్వాములను పెట్టుకున్నారు. అమ్మకం వారికి అప్పగించారు, నియమాలు మాత్రం తన చేతిలో వుంచుకున్నారు. అన్నీ నేనే చూసుకోవాలి అనుకునే వ్యాపారికి ఇది పెద్ద పాఠం.

ఆ నియమాలు ఎంత కఠినమైనవో ఒక సంఘటన చెబుతుంది. భాగస్వామి హఫ్స్‌కు ఒకసారి సరుకు పంపుతూ, అందులో ఒక బట్టకు లోపం వుందని, కొనేవారికి తప్పక చూపించి అమ్మాలని చెప్పారు. హఫ్స్ మరచిపోయి లోపం చెప్పకుండానే అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. ఒక్క బట్ట లాభం కాదు, మొత్తం సొమ్ము!

మరోసారి ఒక స్త్రీ పట్టు బట్ట అమ్మడానికి తెచ్చి నూరు దిర్హములు అడిగింది. దాని విలువ అంతకన్నా ఎక్కువని ఇమామ్ అన్నారు. ఆమె నూరు చొప్పున పెంచుతూ నాలుగు వందల దాకా వచ్చింది. ఇంకా ఎక్కువే చేస్తుందనేసరికి తనను ఎగతాళి చేస్తున్నారనుకుంది. చివరికి వేరే మనిషితో ధర కట్టించి ఐదు వందలకు కొన్నారు. ఎదుటివారి తెలియనితనం ఆయనకు లాభంగా కనిపించలేదు.

అరువు విషయంలోనూ అంతే. బాకీపడ్డ ఒకాయన ఇమామ్‌ను చూసి సిగ్గుతో దారి మళ్ళాడు. పదివేల దిర్హముల బాకీ అని తెలిసి, తన వల్ల ఒక ముస్లిం మొహం చాటేయవలసి వచ్చిందే అని బాధపడి, ఆ బాకీ మొత్తం మాఫీ చేశారు.

ఏడాదికోసారి లాభం లెక్క చూసేవారు. ఆ సొమ్ముతో కూఫా పండితులకు తిండి, బట్టలు కొనిచ్చి, మిగిలింది నగదుగా పంచేవారు. పేదరికం వల్ల చదువు మానవలసి వచ్చిన శిష్యుడు అబూ యూసుఫ్‌ను పోషించిందీ ఈ సొమ్మే. ఆ శిష్యుడే తరువాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు.

బజారు అనుభవం ఆయన మార్గానికి చెందిన ఫిఖ్‌హ్‌లోనూ కనిపిస్తుంది. లేని వస్తువును అమ్మరాదన్నది సాధారణ సూత్రం. అయినా కొలత ఇచ్చి చెప్పులు కుట్టించుకోవడం వంటి పురమాయింపు బేరాన్ని ప్రజల వాడుకను బట్టి హనఫీలు ధర్మసమ్మతం అన్నారు. ఈనాడు మాధవరం మగ్గం మీద చీర చెప్పి నేయించుకునేవారికీ ఆ వెసులుబాటు వర్తిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లాభం మరొకటి. ఉమవీ గవర్నరు ఇబ్నె హుబైరా పదవి ఇవ్వజూపితే వద్దన్నారు, కొరడా దెబ్బలు తిన్నారు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి తీసుకోమంటే నిరాకరించారు, చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) బగ్దాద్‌లో పరమపదించారు. రాజుల ఎదుట అలా నిలబడడానికి మొదట విశ్వాసం కావాలి. దానికి తోడు తన కష్టార్జితం తనకుంది. ఎవరి ఉప్పూ తినలేదు కనుక ఎవరికీ తల వంచవలసిన అవసరం రాలేదు.

మన రాజంపేట బజారులోనైనా, ప్రొద్దుటూరు బట్టల వీధిలోనైనా అంగడి పెట్టుకున్న సోదరులారా! ఫజర్ చదివి మళ్ళీ పడుకునే అలవాటు వుంటే ఆ గంటను చదువుకు ఇవ్వండి. అంగడి సొమ్ము, ఇంటి సొమ్ము వేరుగా రాయండి. సరుకులో లోపం వుంటే గిరాకీ అడగకముందే చెప్పండి. అందులో పనిచేసే కుర్రవాడికీ ఆ మాట నేర్పండి. ఏటేటా లెక్క చూసి జకాత్ తీయండి, ఒక్క పేద విద్యార్థినైనా చదివించండి. వీటికి పెట్టుబడి అక్కర్లేదు, వడ్డీ అప్పు అసలే అక్కర్లేదు. రోజును కొంచెం మార్చుకుంటే చాలు.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్, మన నడవడిలో నిజాయితీ ప్రసాదించుగాక! ఆమీన్.