మరమేకులకు ఒద్దిక కుదిర్చినవాడు

కిందటేడు ప్రాక్టికల్స్‌లో నేనొక మీటరు పాడుచేశాను. ప్లాస్టిక్ పెట్టె మూత గట్టిగా ఉండాలని స్క్రూని ఇంకో చుట్టు తిప్పాను. లోపలి దిమ్మ ఫట్‌మని చీలింది. ల్యాబు అటెండరు గారు తిట్టలేదు. పక్క స్క్రూ తీసుకుని ముందు వెనక్కి తిప్పారు. అది టిక్కుమని పాత గాడిలో పడింది. అప్పుడు మెల్లిగా బిగించి, ఆనగానే ఆపేశారు. మార్కులున్నాయి గానీ చేతిలో పని లేదే అని నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో లైబ్రరీకెళ్ళి మరమేకుల చరిత్ర తిరగేస్తే జోసెఫ్ విట్‌వర్త్ కనిపించాడు.

ఆయన 1803లో ఇంగ్లండులోని స్టాక్‌పోర్టులో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి మతబోధకుడవడానికి పిల్లల్ని ఇతరులకప్పగించి వెళ్ళిపోయాడు. కుర్రవాణ్ణి బంధువుల నూలు మిల్లులో పెట్టారు. అక్కడ ఉంటే తిండికి లోటుండేది కాదు. కాని యంత్రాల మీది మోజుతో మాంచెస్టరు పారిపోయి మామూలు మెకానిక్కుగా చేరాడు. 1825లో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పని నేర్చి, 1833లో మాంచెస్టరులో సొంత కార్ఖానా తెరిచాడు.

ఆ రోజుల్లో ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోటి బోల్టు ఇంకోచోటి నట్టుకి పట్టేది కాదు. విట్‌వర్త్ ఏం చేశాడనుకున్నారు? కొత్తది కనిపెట్టలేదు. నానా కార్ఖానాల బోల్టులు పోగుచేసి, కొలిచి, సగటు తీశాడు. మర కోణం 55 డిగ్రీలు, అంగుళం బోల్టుకి అంగుళానికి 8 చుట్లు, ఇలా ప్రతి సైజుకీ ఒక లెక్క కట్టి 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందుంచాడు. క్రమంగా బ్రిటన్ అంతా అదే మర అయింది.

మరి నేను చీల్చిన ప్లాస్టిక్ మాటేమిటి? అక్కడ ముందుగా గాడి ఉండదు. సన్నని రంధ్రంలో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూయే తన గాడి తాను చేసుకుంటుంది. 60 డిగ్రీల మర మందంగా ఉండి దిమ్మని పక్కలకి నెడుతుంది. అందుకే ప్లాస్టిక్ కోసం చేసే చాలా స్క్రూలకి 30 డిగ్రీల పదునైన మర, చుట్టుకీ చుట్టుకీ ఎక్కువ ఎడం పెడతారు. పదార్థం మారితే కోణం మారింది, అంతే. లెక్కతో పని చెయ్యాలన్నది మారలేదు.

1868లో విట్‌వర్త్ ఏడాదికి 100 పౌన్ల చొప్పున 30 స్కాలర్‌షిప్పులు పెట్టాడు. వాటి పరీక్షల్లో గణితంతో పాటు ఆకురాయి పట్టడం, కమ్మరం లాంటి చేతిపనులూ ఉండేవి. పుస్తకం, పనిముట్టు రెండూ తెలిసినవాడే ఇంజనీరని ఆయన నమ్మకం. 1887 జనవరి 22న మాంటీకార్లోలో కన్నుమూశాడు.

మిత్రులారా, ఆ పరీక్ష మన కాలేజీలో పెడితే లెక్కల పేపరు నేను ఎలాగో గట్టెక్కుతానేమో. చేతిపనిలో మాత్రం ఫస్టు మార్కు మా అటెండరు గారిదే. అందుకే ఈ ఏడు సాయంత్రాలు కాసేపు ఆయన దగ్గర స్క్రూడ్రైవరు పట్టడం నేర్చుకుంటున్నాను.